విదేశాల్లో మాస్టర్స్‌కి అప్లై చేయడం ఎలా? రెకమెండేషన్ లెటర్ల దగ్గర చాలామంది చేసే పొరపాట్లు

మాస్టర్స్ అప్లికేషన్లు చాలామందికి దగ్గరుండి చేయించాను. ప్రతి ఏడాదీ చూసేది ఒకటే. జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్షతో నెలల తరబడి కుస్తీ పడతారు, ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) పదిసార్లు తిరగరాస్తారు, లెటర్లు ఇచ్చేవాళ్ల పేర్లు మాత్రం చివరి వారంలో హడావిడిగా నింపేస్తారు. అందుకే మిగతావన్నీ ఇక్కడ గబగబా చెప్పేసి, అసలు సంగతి దగ్గర ఆగుతాను.

మొదట ప్రోగ్రాములు ఎంచుకోండి. ఆరు చాలు, అంతకు మించి వద్దు. ఆరు దాటితే ఏ అప్లికేషన్ మీదా శ్రద్ధ నిలవదు. ర్యాంకింగుల పట్టిక పక్కన పెట్టి ఆ డిపార్ట్‌మెంట్ కోర్సుల పేజీ తెరవండి: థీసిస్ ఉందా, మీరు చదవాలనుకున్న సబ్జెక్టు ఈ మధ్య నిజంగా నడిపారా, ముందుగా చదివి ఉండాల్సిన కోర్సులు మీ మార్కుల జాబితాలో ఉన్నాయా. కన్సల్టెన్సీ వాళ్లు చేతిలో పెట్టే లిస్టుతో మొదలుపెట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చాలా కన్సల్టెన్సీలకి కొన్ని యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది. మీకు ఏది నప్పుతుందో చూసుకోవాల్సింది మీరే.

తర్వాత తేదీలు. అమెరికాలో ఫాల్ (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే సెమిస్టర్) సీట్లకి చాలా గడువులు డిసెంబర్, జనవరిల్లోనే ముగుస్తాయి. జర్మనీలో వింటర్ సెమిస్టర్‌కి జులై 15 అని చాలాచోట్ల కనిపిస్తుంది గానీ, విదేశీ విద్యార్థులకి అంతకంటే ముందే ముగిసే కోర్సులు బోలెడు. పైగా యూని-అసిస్ట్ (చాలా జర్మన్ యూనివర్సిటీల తరఫున విదేశీ విద్యార్థుల పత్రాలు పరిశీలించే సంస్థ) ద్వారా వెళ్తే పత్రాల పరిశీలనకే సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. బ్రిటన్‌లో చాలా కోర్సులు అప్లికేషన్లు వచ్చినకొద్దీ సీట్లు నింపుకుంటూ పోతాయి, ఆలస్యం చేస్తే మీకే నష్టం.

పరీక్షల గురించి రెండు ముక్కలు. జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు పనికొస్తుంది, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షల స్కోర్లు 2 ఏళ్లే. చాలా డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు జీఆర్‌ఈ అడగడం లేదు, కాబట్టి ఫీజు కట్టే ముందు మీ ఆరింటిలో ఎన్ని అడుగుతున్నాయో చూసుకోండి. పేరు మాత్రం పరీక్షలోనూ అప్లికేషన్‌లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఎస్‌ఓపీలో చిన్నప్పటి కలల గురించి రాయొద్దు. ఏం చేశారు, ఇంకా ఏం తెలుసుకోవాలి, అది ఆ ప్రోగ్రాములోనే ఎందుకు దొరుకుతుంది అన్నది చెబితే చాలు.

ఇక లెటర్లు. సాధారణంగా రెండో మూడో అడుగుతారు. అప్లికేషన్ మొత్తంలో మీ చేతిలో లేని భాగం ఇదొక్కటే, అందుకే అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. గడువుకి 8 వారాల ముందు అడగండి, 6 వారాలకి తగ్గొద్దు.

ఎవరిని అడగాలి? మీ పని స్వయంగా దిద్దినవాళ్లని. డైరెక్టర్ గారి సంతకం ఉంటే బరువుంటుందని అనుకుంటారు, ఆయన మాత్రం మిమ్మల్ని కారిడార్‌లో చూసి ఉంటారంతే. ఆయన లెటర్‌లో 'క్రమశిక్షణ గల విద్యార్థి, కష్టపడే స్వభావం' అని ఉంటుంది. ఈ మాట ఎవరికైనా అతుకుతుంది. అదే డేటాబేస్ కోర్సు చెప్పిన జూనియర్ టీచర్ ఇలా రాస్తారు: 'ప్రాజెక్టులో ఒక క్వెరీ నెమ్మదిగా నడుస్తుంటే మిగతావాళ్లు సర్వర్ బాలేదన్నారు. ఈ అమ్మాయి ఇండెక్స్ లేని కాలమ్‌ని పట్టుకుని, మార్చకముందు ఎంత సమయం, మార్చాక ఎంత సమయం అని కొలిచి రిపోర్టు తెచ్చింది.' సీటు ఇప్పించేది ఈ రెండోదే. హోదా కంటే పరిచయం ముఖ్యం, ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

అడిగేటప్పుడు కాదనడానికి వీలుండేలా అడగండి. 'సార్, నా పని గురించి వివరంగా రాయగలనని మీకనిపిస్తేనే ఇవ్వండి, లేదంటే ఏమీ అనుకోను' అని. అవతలివాళ్లు కాస్త తటపటాయిస్తే అక్కడితో వదిలేయండి, బతిమాలి తెచ్చుకున్న లెటర్ చప్పగా ఉంటుంది. ఒప్పుకుంటే అదే రోజు ఒకే పీడీఎఫ్ పంపండి: రెజ్యూమే, మార్కులు, ఎస్‌ఓపీ డ్రాఫ్టు, ప్రోగ్రాముల పేర్లూ గడువులూ ఉన్న పట్టిక, చివర్లో వాళ్ల క్లాసులో మీరేం చేశారో గుర్తుచేసే అర పేజీ. ఈ అర పేజీ తప్పనిసరి, ఎంత ఇష్టమున్నా టీచర్లకి అన్నీ గుర్తుండవు.

కొందరు 'నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను' అంటారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మూడు లెటర్లూ మీరే రాస్తే మూడింట్లోనూ ఒకే గొంతు, అవే విశేషణాలు, అదే వాక్యాల తీరు ఉంటాయి, ఎస్‌ఓపీతో కలిపి చదివే కమిటీకి దొరికిపోతుంది. పైగా అది నిజాయితీ కూడా కాదు. 'రాసే పని మీకు తేలికయ్యేలా పాయింట్లు ఇస్తాను సార్, మాటలు మీవే ఉండాలి' అని మర్యాదగానే చెప్పండి. కుదరదంటే ఇంకొకరిని వెతుక్కోండి.

పోర్టల్ సంగతి. మీరు వాళ్ల పేరు, హోదా, ఈమెయిల్ ఇస్తే యూనివర్సిటీ నుంచి నేరుగా వాళ్లకే లింకు వెళ్తుంది. కాలేజీ లేదా ఆఫీసు మెయిల్ ఐడీనే ఇవ్వండి, జీమెయిల్ లాంటివి చాలాచోట్ల ఒప్పుకోరు. వాళ్ల పేరుతో మీరే ఐడీ తెరిచి లెటర్ పెట్టే ఆలోచన అసలు వద్దు, బయటపడితే వచ్చిన సీటు కూడా రద్దవుతుంది. కొన్ని పోర్టల్స్‌లో పేరు సేవ్ చేయగానే లింకు వెళ్తుంది, కొన్నిట్లో అప్లికేషన్ సబ్మిట్ చేశాకే వెళ్తుంది. ఇది ముందే తెలుసుకోకుండా చివరి రాత్రి సబ్మిట్ చేస్తే, పాపం ఆ టీచర్‌కి మిగిలేది కొన్ని గంటలే. లింకు వెళ్లాక ఫోన్ చేసి స్పామ్ ఫోల్డర్ చూడమనండి.

అమెరికా ఫారాల్లో లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతారు. ఈ హక్కు విద్యార్థుల రికార్డులకి సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టంతో వచ్చింది. వదులుకోండి. మీరు చూడరని తెలిస్తేనే ఆ లెటర్‌కి విలువ ఎక్కువ.

రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే, లెటర్ అందనంతవరకు చాలా పోర్టల్స్‌లో పేరు మార్చే వీలుంటుంది. కాబట్టి నాలుగో మనిషిని ముందే అడిగి ఉంచుకోండి.

సబ్మిట్ మాత్రం గడువుకి రెండు రోజుల ముందే చేయండి, గడువు ఏ టైమ్ జోన్ ప్రకారమో చూసుకుని మరీ. తర్వాత స్టేటస్ పేజీలో ఏ పత్రం అందలేదంటున్నారో వారానికోసారి చూడండి. సీటొస్తే యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం (అమెరికాకి ఐ-20, బ్రిటన్‌కి క్యాస్) చేతికొచ్చాకే వీసా పని మొదలవుతుంది. అమెరికాలో స్కాలర్‌షిప్పో అసిస్టెంట్‌షిప్పో ఇస్తామని వెంటనే జవాబు చెప్పమంటే కంగారుపడొద్దు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఇలాంటి ఆఫర్లకి ఏప్రిల్ 15 వరకు సమయం ఇవ్వాలి. ఆ జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్లో ఉంటుంది, మీ యూనివర్సిటీ పేరు అందులో ఉందో లేదో చూసుకుని, మిగతా ఫలితాలు వచ్చేదాకా ఆగండి.