వానాకాలంలో మోడల్ కార్లకు రంగు వేసే ముందు

తొలకరి పడగానే, ప్లాస్టిక్ ముక్కలు అతికించి మోడల్ కార్లు కట్టేవాళ్లకు చేయి ఊరుకోదు. సెలవు రోజు బయటికి వెళ్లే పని ఉండదు కాబట్టి కొత్త కిట్ పెట్టె తెరవాలనిపిస్తుంది. తెరవండి. కాకపోతే పెట్టెలో ఉన్న సూచనల కాగితం కంటే ముందు ఆకాశం చూడండి. అతికించడం, ఉప్పుకాగితం పట్టడం, సీట్లకూ ఇంజిన్‌కూ చిన్న బ్రష్‌తో రంగులు వేయడం వానల్లో నిశ్చింతగా చేసుకోవచ్చు. బాడీకి వేసే మెరుపు రంగునీ, దాని మీది రంగులేని క్లియర్ పూతనీ మాత్రం పొడి రోజుల కోసం దాచిపెట్టండి. ఈ ఒక్కటి పాటిస్తే సగం టెన్షన్ పోతుంది.

కారు మోడల్‌కి ఇది మరీ ముఖ్యం. యుద్ధ ట్యాంకుకి రంగు కాస్త గరుకుగా పడినా మట్టి, దుమ్ము వేషం వేసి కప్పేయొచ్చు. 1/24 సైజు స్పోర్ట్స్ కారుకి ఆ వీలు లేదు. చూసేవాళ్ల కన్ను ముందు బాడీ మెరుపు మీదే పడుతుంది.

తేమ చేసే నష్టం ఇలా ఉంటుంది. టామియా టీఎస్ స్ప్రేలు, మిస్టర్ కలర్ వంటి లాకర్ (lacquer) రకం రంగుల్లో ద్రావకం చాలా త్వరగా ఆవిరవుతుంది. అలా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పూత మీద నీరు పట్టి, రంగు ఆరేలోగా అందులోనే చిక్కుకుంటుంది. నల్ల కారు మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. క్లియర్ పూత అయితే పాలిపోతుంది. దీన్నే బ్లషింగ్ అంటారు.

అందుకని గదిలో తేమ ఎంతుందో చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొనండి. రంగుల డబ్బాల ఖర్చుతో పోలిస్తే దాని ధర తక్కువే. నేను పాటించే హద్దు 65 శాతం. అది దాటితే మెరుపు రంగు ముట్టుకోను. 70 దాటితే రంగుకు ముందు వేసే అడుగు పూత, అంటే ప్రైమర్ కూడా వేయను. వానాకాలంలోనూ తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య తేమ బాగా తగ్గుతుంది, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే లేచి స్ప్రే పట్టుకునే అలవాటు ఉంటే ఈ నాలుగు నెలలూ మానుకోండి.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో వానలు వెళ్లాక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రంగులకు మంచి కాలం. అనంతపురం వాళ్లకు వానాకాలంలోనూ పొడి రోజులు దొరుకుతాయి. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలి వల్ల ఏ నెలలోనైనా మీటర్ చూడక తప్పదు. నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబర్‌లో మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి కాబట్టి, హైదరాబాద్ మిత్రుడు దీపావళికి కారు పూర్తి చేశాడని తొందరపడకండి.

ఒకవేళ తెల్లపొర వచ్చేసిందా? రుద్దకండి, పైన ఇంకో పూత కొట్టి దాచాలని చూడకండి. అలాగే ఆరనిచ్చి, పొడి రోజున నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలిసిన థిన్నర్‌ని పలచగా చల్లితే, పై పొర మళ్లీ కరిగి తేమ బయటికి పోతుంది. చాలాసార్లు మెరుపు తిరిగి వస్తుంది. గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ వాడేవాళ్లు కంప్రెసర్ ట్యాంక్‌లో చేరిన నీటిని ప్రతిసారీ వదిలేయాలి, గొట్టానికి నీటిని పట్టే ట్రాప్ ఉండాలి. లేకపోతే రంగుతో పాటు నీటి చుక్కలు పడతాయి.

ఏసీ గదిలో తేమ తక్కువ కదా, అక్కడే కొట్టేద్దాం అనుకోకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. స్ప్రే డబ్బాలోంచి వచ్చే వాయువు మండే వాయువు, లాకర్ ఆవిరీ మండుతుంది. తలుపులు మూసిన గదిలో ఆ ఆవిరి తిరుగుతూనే ఉంటుంది. స్ప్రే బయటికి గాలి పోయే చోటే చేయాలి. ఆ దరిదాపుల్లో పొయ్యి, దేవుడి దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ ఏదీ వెలుగుతూ ఉండకూడదు. వానాకాలంలో కాయిల్ వెలిగించి మర్చిపోవడం చాలా మామూలు విషయం, ఒకసారి బల్ల కింద కూడా చూసుకోండి. డబ్బాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే స్ప్రే మెత్తగా వస్తుంది. స్టవ్ మీద, మరిగే నీళ్లలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలొచ్చు.

మాస్క్ విషయం. కరోనా నాటి ఎన్95 రంగు తుంపరను ఆపుతుంది కానీ ద్రావకం ఆవిరిని ఆపదు. ద్రావకాల ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ మాస్క్ కావాలి. మాస్క్ పెట్టుకున్నా వాసన తెలుస్తోందంటే కాట్రిడ్జ్ పని అయిపోయింది, లేదా మాస్క్ ముఖానికి సరిగ్గా అతుక్కోలేదు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు ఉంటే డాబా మీదకే వెళ్లండి.

స్ప్రేలూ జిగురూ మండే సరుకు కాబట్టి విమానంలో పంపడానికి ఆంక్షలుంటాయి, మన దగ్గర అన్నివేళలా దొరకవు. దాంతో చాలామంది హార్డ్‌వేర్ షాపు స్ప్రే డబ్బాలు, కార్ల పెయింట్ షాపులో అమ్మే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ వాడతారు. వాటిలో కొన్ని కిట్‌లోని పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని కొరికేస్తాయి. ప్లాస్టిక్ మీద సన్నని గీతల వల అల్లుకుంటే మళ్లీ నున్నగా చేయడం కష్టం. వాడక తప్పకపోతే ముందు ఆ కిట్ ఫ్రేమ్ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద కొట్టి ఒక రోజు చూడండి. ప్లాస్టిక్ చెంచాల మీద పరీక్షించే అలవాటు ఉండేది గానీ, 2022 జూలై 1 నుంచి అవి నిషేధం. ఫ్రేమ్ ముక్కే మేలు, అది కిట్ ప్లాస్టికే కదా. ఎర్ర ప్లాస్టిక్ బాడీ మీద తెలుపు, పసుపు వేయాలనుకున్నా ఇదే పరీక్ష చేయండి, ఎరుపు పైకి ఊరి రంగు గులాబీగా మారొచ్చు.

ఇక జిగురు. టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పలచని సిమెంట్ నిజానికి జిగురు కాదు. అందులోని ఎసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తాయి. అందుకే రంగు ఉన్న చోట, క్రోమ్ పూత ఉన్న చోట అది పట్టదు, అతికే చోట గీకాలి. కరిగిన అతుకు చాలా రోజుల పాటు కుంగుతూ ఉంటుంది. పైకి గట్టిగా ఉందని మర్నాడే నున్నగా రుద్ది రంగు వేస్తే, కొన్ని వారాలకు ఆ గీత మళ్లీ తేలుతుంది. పుట్టీదీ ఇదే స్వభావం. జూలైలో అతికించి పక్కన పెట్టిన బాడీ నవంబర్‌కి పూర్తిగా కుదురుకుంటుంది కాబట్టి, వానల్లో ఆగడం వృథా కాదు.

ఫెవిక్విక్ రకం జిగుళ్లు గాలిలో తేమతోనే గట్టిపడతాయి. మూత గట్టిగా పెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో దాచండి. వాటి ఆవిరి అద్దాల ముక్కల్ని మసకబారుస్తుంది, అక్కడ ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే వాడాలి. కారిన జిగురుని దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. నూలు తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది.

మన వానాకాలానికే ప్రత్యేకమైన బెడద ఉసిళ్లు. వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ మూగి, రెక్కలు తడి రంగు మీద వదిలి పోతాయి. సాయంత్రం లైటు వేసి స్ప్రే చేయొద్దు. కొట్టిన వెంటనే బాడీ మీద శుభ్రమైన డబ్బా బోర్లించండి, కింద అంగుళం సందు వదిలి దానికి పలచటి వల కట్టండి. ఉసిళ్ల రెక్క పడితే పట్టకారుతో లాగకుండా ఆరనివ్వండి. తర్వాత 2000 నంబర్ ఉప్పుకాగితంతో తడిపి తీయొచ్చు.

చివరగా క్లియర్. డెకాల్స్ (బాడీకి అంటించే పలచని స్టిక్కర్లు) మీద టామియా క్లియర్ స్ప్రే టీఎస్-13 ఒకేసారి తడిగా కొడితే అవి ముడుచుకుపోతాయి. మొదటి రెండు మూడు పూతలు 25 సెంటీమీటర్ల దూరం నుంచి మంచు రాలినంత పలచగా పడాలి. ఎనామెల్ రంగు మీద లాకర్ క్లియర్ అసలు వేయొద్దు, ముడతలు వస్తాయి. క్లియర్ ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందా, ఇంకా పాలిష్‌కి సిద్ధం కాలేదు. పాలిష్ చేసేటప్పుడు బానెట్ అంచులకూ తలుపు గీతలకూ సన్నని టేపు అంటించండి. రంగు ముందు లేచిపోయేది అక్కడే.