అనువదించిన పరిశోధన గ్రంథానికి కాపీరైట్ నమోదు చేయించడం ఎలా?

మన దేశంలో కాపీరైట్ నమోదు దరఖాస్తు చాలావరకు తేలికైన పనే. కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులో ఖాతా తెరిచి, 14వ నంబరు ఫారం నింపి, సాహిత్య రచనకు నిర్ణయించిన 500 రూపాయల రుసుము చెల్లించి, పుస్తకం ప్రతిని సమర్పిస్తే డైరీ నంబరు, అంటే ఆ దరఖాస్తును గుర్తించే సంఖ్య, వస్తుంది. ఆ తరువాత ఇతరులు అభ్యంతరం తెలపడానికి 30 రోజుల గడువు ఉంటుంది. నమోదయ్యేది అనువాదమే కనుక రచయిత గడిలో అనువాదకుని పేరే రాయాలి.

దరఖాస్తులు చెడేది ఆ ఫారంతోపాటు నింపే అదనపు వివరాల పత్రం దగ్గర. ఇది స్వతంత్ర రచనా, కాపీరైట్ తీరిపోయిన గ్రంథానికి అనువాదమా, ఇంకా కాపీరైట్ ఉన్న గ్రంథానికి అనువాదమా అని అందులో అడుగుతారు. తమ శ్రమ తమదేనన్న భావనతో చాలామంది మొదటిదాన్నే గుర్తిస్తారు. అది తప్పుడు ప్రకటన అవుతుంది. మూలానికి కాపీరైట్ ఉంటే దాని పేరు, భాష, గ్రంథకర్త వివరాలతోపాటు అనుమతి ఇచ్చినవారి వివరాలు కూడా ఇవ్వాలి.

ఆ అనుమతి విషయంలోనే అత్యంత జాగ్రత్త కావాలి. ‘సంతోషం, తప్పక చేయండి’ అని మూల గ్రంథం రాసిన ప్రొఫెసరుగారు ఈమెయిలు పంపగానే పని అయిపోయిందనుకోకండి. పరిశోధన గ్రంథాల హక్కులను రచయితలు తరచుగా ప్రచురణ సంస్థకే రాసిచ్చేస్తారు. అలాంటప్పుడు అనుమతించే అధికారం ఆయనకే ఉండదు. మూల గ్రంథం శీర్షిక పుట వెనుక కాపీరైట్ గుర్తు పక్కన ఎవరి పేరుంటే ముందుగా వారికే రాయండి. జీవితకాలంలో గ్రంథం ప్రచురించి 1970లో మరణించిన రచయిత ఒక్కరే అయితే, దాని కాపీరైట్ 2030 చివరిదాకా ఉంటుంది. మూలం ప్రాచీనమైనదే అయినా, ఆధునిక సంపాదకుడు రాసిన పీఠికకూ పాదసూచికలకూ వేరే హక్కు ఉంటుంది.

అనుమతి పత్రంలో భాష, ముద్రణ, ఈ-బుక్, కాలం, ప్రాంతం విడివిడిగా ఉండి తీరాలి. కాలం పేర్కొనకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే భావిస్తుంది. ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. అనువాదంలో మొదటి వాక్యం రాయకముందే ఈ కాగితం చేతికి రావాలి.

రాతప్రతిని తమకు తామే పోస్టులో పంపుకొని కవరు విప్పకుండా దాచుకోవడం చాలని చెప్పేవారున్నారు. నమోదు లేకపోయినా కాపీరైట్ ఉంటుందన్నది నిజమే గానీ, కాపీరైట్ రిజిస్టరులోని వివరాలను న్యాయస్థానాలు ప్రాథమిక సాక్ష్యంగా, అంటే తప్పని రుజువయ్యేదాకా నిజమని నమ్మే ఆధారంగా, తీసుకుంటాయి. ఆ కవరుకు అలాంటి చట్టబద్ధమైన విలువ లేదు.

దరఖాస్తు పుస్తకం అచ్చయ్యాకే పెట్టడం మేలు. రాతప్రతిగా ముందే నమోదు చేయిస్తే, ప్రచురణ వివరాలు చేర్పించడానికి 15వ ఫారంతో మళ్లీ దరఖాస్తు చేయాల్సి వస్తుంది.