పెయింటింగ్‌కు ప్రింట్లు తీయించాలా? ముందు షాపును పరీక్షించండి

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఫ్లెక్సీ షాపులకు కొదవ లేదు. పెయింటింగ్ ప్రింట్లకు మాత్రం అవి పనికిరావు. సాల్వెంట్ ఇంకుతో నాలుగు రంగుల్లో వేసే ఫ్లెక్సీ దూరం నుంచి చూడటానికే బాగుంటుంది. కలర్ జిరాక్స్, పెళ్లికార్డులు వేసే డిజిటల్ ప్రెస్ టోనర్‌తో నడుస్తాయి, వాటినీ పక్కన పెట్టండి. మీకు కావాల్సింది 8 నుంచి 12 పిగ్మెంట్ ఇంకులతో (సన్నని రంగుపొడి రేణువులతో చేసే ఇంకు) నడిచే ఇంక్‌జెట్. దానికోసం చాలామందికి హైదరాబాద్ బస్సెక్కక తప్పదు.

షాపులో మిషన్ ఎంత పెద్దదో చూసి మురిసిపోవద్దు. ఇంకు డైనా (ద్రవంలో కరిగిపోయే రంగు), పిగ్మెంటా అని అడగండి. డై ఇంకు తళతళలాడుతుంది కానీ వెలుతురుకు తొందరగా వెలిసిపోతుంది. తర్వాత, మీరు ఎంచుకున్న కాగితానికి ఐసీసీ ప్రొఫైల్ (ఆ మిషన్‌లో ఆ కాగితం మీద రంగులు సరిగా పడేలా కొలిచి తయారుచేసిన ఫైలు) ఉందా అని అడగండి. ‘కంటితో చూసి సెట్ చేస్తాం సార్’ అన్నారంటే అక్కడినుంచి లేచి రావచ్చు.

కాగితం నూరు శాతం కాటన్‌ది, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) దరిదాపుల్లో ఉండాలి. దొంగనోట్లు పట్టే చిన్న యూవీ లైటును చీకట్లో దానిమీద వేయండి. నీలంగా మెరిసిందంటే తెల్లదనం కోసం బ్రైట్‌నర్ కలిపారన్నమాట. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెరుపు పోయి కాగితం పసుపు తిరుగుతుంది.

అసలు పరీక్ష టెస్ట్ స్ట్రిప్. బొమ్మ మొత్తాన్ని కుదించి వేయించుకోవద్దు. ముదురు నీడ, ఒంటిరంగు, ఎరుపు ఉన్న భాగాలను అసలు సైజులోనే, అసలు వాడబోయే కాగితం మీదే 8×10 అంగుళాల ముక్కలో వేయించండి. పక్కన నలుపు నుంచి తెలుపుదాకా బూడిదరంగు మెట్లు పెట్టమనండి. ఆ మెట్లలో ఆకుపచ్చ ఛాయో గులాబీఛాయో కనబడితే ప్రొఫైల్ సరిగా లేనట్టే. నలుపు పాలిపోతే, మెరుపులేని మ్యాట్ కాగితానికి, నిగనిగలాడే కాగితాల కోసం చేసిన ఫొటో బ్లాక్ ఇంకు వాడి ఉంటారు, లేదా పేపర్ సెట్టింగ్ తప్పు ఇచ్చి ఉంటారు. అడ్డంగా సన్నని గీతలు పడితే నాజిల్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రం) మూసుకుపోయిందని అనుమానించాలి. నాజిల్ చెక్ ప్రింట్ తీసి చూపించమనండి. ఆ స్ట్రిప్‌ను అసలు బొమ్మ పక్కన పెట్టి, పగటిపూట నేరుగా ఎండ పడని వరండాలో ఒకసారి, ఇంట్లో ఎల్‌ఈడీ కింద మరోసారి చూడండి. ఒకచోట కలిసిన రంగు ఇంకోచోట కలవకపోవచ్చు.

గద్వాల చీర జరీ అంచును గోల్డ్ పెయింట్‌తో వేసి ఉంటే అది ప్రింటులో ఆవపిండి రంగులో వస్తుంది. ఇంక్‌జెట్‌కు లోహపు మెరుపు రాదు. ‘అచ్చం అలాగే వస్తుంది’ అని మాటిచ్చే షాపును నమ్మకండి. ప్రింటు మీద చేత్తో దిద్దుకోవడమే దారి.

బొమ్మను ఫొటో తీసిన ఫైలు బాగాలేకపోతే ఎంత మంచి ప్రింటరైనా చేసేదేమీ లేదు. 24×36 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటే 7200×10800 పిక్సెల్స్ ఉండాలి. మామూలు ఫోన్ ఫొటోతో ఆ పని కాదు. రెండువైపులా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టి, కలర్ చార్టుతో (రంగులు సరిచూసుకునే గళ్ల కార్డు) సహా తీసి, రంగుల వివరం పోకుండా దాచే 16 బిట్ టిఫ్ ఫైలుగా ఇవ్వండి.

నచ్చిన ప్రూఫ్ (నమూనా ప్రింటు) రెండు కాపీల మీద సంతకం చేసి ఒకటి షాపులో ఉంచి, ఒకటి మీరు తెచ్చుకోండి. కాగితం, ప్రొఫైల్ పేర్లు వెనకాల రాయించండి. ఆరు నెలల తర్వాత మళ్లీ వేయించినప్పుడు తగాదా ఉండదు. మీ అనుమతి లేకుండా ఫైలు వాడబోమని కాగితం మీద రాయించుకోవడం కూడా మరవొద్దు. ప్రింటును ఒకరోజు ఆరనివ్వకుండా ఫ్రేము కడితే అద్దానికి లోపల మసక పడుతుంది.

సొంతంగా కొనాలనుకుంటే ఎప్సన్ పీ900, కానన్ ప్రో-1100 లాంటి, 17 అంగుళాల వెడల్పు కాగితం పట్టే మిషన్లున్నాయి. కానీ వారానికి ఒక్క ప్రింటైనా తీయకపోతే మన ఎండలకు నాజిల్‌లో ఇంకు ఎండుతుంది, క్లీనింగ్‌కే కార్ట్రిడ్జిలు ఖాళీ అవుతాయి. యూపీఎస్ పెట్టుకోండి. ఆపేటప్పుడు మిషన్ బటన్‌తోనే ఆపండి. గోడ స్విచ్ కట్టేస్తే నాజిల్స్ ఉండే ప్రింట్ హెడ్ తన మూతలోకి చేరకుండా బయటే ఉండిపోతుంది.