పాత కొండల మ్యాపు దొరికితే ముందు కింది అంచు చూడండి

కాలిఫోర్నియాలోని ఇన్యో నేషనల్ ఫారెస్ట్‌కి ట్రెక్కింగ్‌కి వెళ్తూ 1950ల నాటి యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) మ్యాపు తీసుకెళ్తున్నారా? ఆ గోధుమరంగు ఎత్తు గీతలు ఎంత ముద్దుగా ఉంటాయో! కొండల ఆకారం ఇప్పటికీ నమ్మొచ్చు. జీపీఎస్ అంకెలను మాత్రం దాని మీద నేరుగా గుర్తించకండి. కింది అంచులో '1927 నార్త్ అమెరికన్ డేటమ్' (పొట్టిగా ఎన్‌ఏడీ 27; డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం) అని ఉంటే, జీపీఎస్ మామూలుగా వాడే డేటమ్ వేరు కాబట్టి మీరున్న చోటు సుమారు 100 మీటర్లు పక్కకి పడుతుంది. లోయ అంచున అది చిన్న తేడా కాదు. జీపీఎస్ సెట్టింగుల్లో డేటమ్‌ని ఎన్‌ఏడీ 27కి మార్చుకోండి. దిక్సూచి వాడేవాళ్లకి ఇంకోటి: మ్యాపు మీద అచ్చేసిన అయస్కాంత ఉత్తరం కోణం (అసలు ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ మధ్య తేడా) ఆనాటిది, ఇప్పటిది అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. అసలు కాగితాన్ని ఇంట్లోనే భద్రంగా ఉంచండి. యూఎస్‌జీఎస్ వాళ్ల టోపోవ్యూ వెబ్‌సైట్‌లో పాత మ్యాపు షీట్లు ఉచితం, ప్రింట్ తీసి పట్టుకెళ్లొచ్చు.