గాలికి పడవ తిరగనంటే ఏం చేయాలి?

సంగమేశ్వరం వైపు శ్రీశైలం వెనకజలాల్లో ఇంజన్ పడవ నడిపేవాళ్లకు నైరుతి గాలి లేచిందంటే టెన్షనే.

సమస్య: చుక్కాని పూర్తిగా తిప్పినా పడవ సగం తిరిగి, గాలికి అడ్డంగా నిలబడిపోతుంది.

కారణం: ఎక్కువసార్లు బరువే. ఎక్కించడం సులువని బైకులు, మూటలు అన్నీ వెనకే పెడతాం. వెనక దిగబడి ముక్కు పైకి లేస్తుంది. నీళ్లలో పట్టులేని ఆ ముక్కును గాలి పక్కకు నెట్టేస్తుంది.

పరిష్కారం: మలుపు మొదలుపెట్టకముందే నలుగురిని ముందు కూర్చోబెట్టండి. మలుపు మధ్యలో మాత్రం ఎవరినీ లేపొద్దు. చుక్కాని ఒక పక్కకు పూర్తిగా తిప్పి పట్టుకొని, ఇంజన్‌ను నాలుగైదు సెకన్లు గట్టిగా రేజ్ చేయండి. తగ్గించి, మళ్లీ చేయండి. ఫ్యాన్ (ఇంజన్ నీళ్లలో తిప్పే రెక్కలు) తోసే నీళ్లు తగిలితేనే చుక్కాని పనిచేస్తుంది. కొత్తవాళ్లు భయపడి రేజ్ తగ్గించేసి, చుక్కానితో కుస్తీ పడతారు. నీళ్లు తగలని చుక్కాని ఒట్టి రేకు ముక్క. మూడుసార్లకూ తిరగలేదా? పంతం వద్దు. కొండ చాటుకు పోయి తిప్పుకోండి. పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు, ఎక్కినవాళ్లు ఎంత గొణిగినా.

సమస్య: తిరిగేలోపు పడవ కిందికి కొట్టుకుపోతుంది.

డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు నిండి, వరద లేనప్పుడు ఇక్కడంతా చెరువులాగే ఉంటుంది. నీళ్లు తగ్గి ఏటి పాయ బయటపడ్డాక అసలు సంగతి తెలుస్తుంది. పడవ తిరుగుతున్నంతసేపూ కింది నీళ్లు దాన్ని మోసుకుపోతూనే ఉంటాయి. అందుకే మలుపు చాలా ఎగువనే మొదలుపెట్టాలి.

ఏటికి నడుమ వడి ఎక్కువ, ఒడ్డున తక్కువ. వాలుకు వస్తూ ముక్కును ఒడ్డువైపు నిలకడ నీళ్లలోకి దూర్చండి. నడుమ ఉన్న వెనకభాగాన్ని ప్రవాహమే కిందికి లాగి, పడవను ఎదురుముఖం చేస్తుంది. పడవల కోసం కూడా తవ్విన కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ లాంటి సన్నని చోటైనా కిటుకు ఇదే, పడవ పొడవుకు మించి వెడల్పుంటే. కానీ కింద బండో, వంతెన స్తంభమో ఉంటే ఈ పని చేయొద్దు. అడ్డంగా తగులుకున్న పడవలోకి ఎగువ అంచు మీదుగా నీళ్లు ఎక్కేస్తాయి.

సమస్య: రివర్స్‌లో చుక్కాని మాట వినదు.

వినదు మరి. ఫ్యాన్ నీళ్లు అప్పుడు ముందుకు పోతాయి. పైగా ఫ్యాన్ వెనకభాగాన్ని ఒక పక్కకు ఈడుస్తుంది, చాలా పడవల్లో ఎడమకు. మీది ఎటు ఈడుస్తుందో గాలి లేని పొద్దున, ఖాళీ పడవతో ఒకసారి చూసుకోండి. ఎడమకైతే ముక్కు కుడికి తిరుగుతుంది, కాబట్టి ఇరుకులో కుడివైపు మలుపే పెట్టుకోండి.