చిన్నాయన యాదిని రాసి పెట్టుకోవడం ఎలా

మా చిన్నాయన వరంగల్ కొత్తవాడలో నలభై ఏండ్లు దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేశాడు. మోకాళ్లు పట్టేసి మగ్గం దిగాక ఆరేండ్లు ఇంటి అరుగు మీదే గడిపి, మాఘంలో కన్నుమూశాడు. పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలను తలచుకునే భాద్రపద అమావాస్య నాడు, ఆయన పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు ఆయన బతుకు గురించి నాలుగు పేజీలు చదువుదామని రాయడానికి కూర్చుంటే, వారం దాకా ఒక్క ముక్క రాలేదు. తర్వాత దారి దొరికింది. మీ ఇంట్లోనూ చేతిపని చేసిన పెద్దమనిషి పోయి ఉంటే, ఇది పనికొస్తుందని రాస్తున్నా.

ముందు పనిముట్లను కాపాడండి. దినాలు కాగానే ఇల్లు సర్దుతారు, అవి పోయేది అప్పుడే. మా ఇంట్లో మగ్గం పాత అచ్చులు, నూలు చుట్టే కండెల బుట్ట పాత సామాన్ల బండికి వెళ్లిపోయాయి. నేను ఊళ్లో లేను, ఆ బాధ ఇంకా ఉంది. పంజా ఒక్కటి మిగిలింది. పేకను, అంటే అడ్డపోగును, కొట్టి దగ్గరికి దించే ఇనుప పళ్ల పనిముట్టు అది. పొద్దటి వెలుగులో గడప దగ్గర తెల్ల తువ్వాల పరిచి, దాని మీద పంజా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీశాను. అప్పుడు చూశాను, పిడి మీద బొటనవేలు ఆనే చోట కట్టె అరిగి గుంట పడి ఉంది. నా వేలు పెడితే ఇంకా చోటు మిగిలింది. నేను రాసిన మొదటి వాక్యం ఆ గుంట గురించే.

తర్వాత మనుషులను కలవండి. బంధువులతో మాత్రం మొదలుపెట్టకండి. "ఎట్లాంటి మనిషి?" అంటే అందరూ "దేవుడసొంటి మనిషి" అంటారు. నిజమే, కానీ మాట అక్కడే ఆగిపోతుంది. పని గురించి అడగండి. వెడల్పు దర్రీని ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆ పక్క మనిషికి తెలిసినంత ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. చిన్నాయన జతగాడిని "కాకా, ఇద్దరిలో ఎవరిది జోరు?" అని అడిగాను.

"నాదే బిడ్డా. పేక వంకర పడతదని మీ చిన్నాయననే నన్ను ఆపేటోడు. నా చెయ్యి నొచ్చిన దినం మాత్రం నా దిక్కు కూడ ఆయననే నేసిండు. కూలి సగం సగమే తీసుకున్నం."

ఇలాంటివి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపేయండి. ముప్పావు గంట దాటనివ్వకండి, పెద్దవాళ్లు అలసిపోతారు.

తారీఖులు ఎవరికీ యాదికుండవు. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే నమ్మకండి, అసలు తేదీ తెలియని చాలామందికి అదే వేశారు. "ఏ సంవత్సరం?" అనే బదులు "దేనికి ముందు?" అని అడగండి. 1969 తెలంగాణ ఉద్యమం, ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983, గోదావరి పుష్కరాలు వచ్చిన 1991, 2003, 2015 అందరికీ గుర్తుంటాయి. మేడారం జాతర రెండేండ్లకోసారి, సరి సంవత్సరాల్లోనే వస్తుంది. "పెండ్లయినంక రెండో జాతరకు పెద్దోడు నా చంకల ఉన్నడు, మరుసటేడే పుష్కరాలు" అంది చిన్నమ్మ. అంటే ఆ జాతర 1990ది, పెండ్లి 1986, 1988 జాతరల నడుమ జరిగిందని తేలింది.

ఆయన చేతి పని ఒక్కటైనా వెతికి పట్టుకోండి. మాకు చిన్నమ్మ బీరువాలో ఒక చిన్న దర్రీ దొరికింది. దర్రీ రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది కదా, ఎంత తిప్పి చూసినా ఏది పైవైపో మాకు తేలలేదు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే సర్కారు గుర్తింపు, వచ్చినప్పుడు ఆయన ఇంకా మగ్గం మీదే ఉన్నాడు. అది ఒక్క వాక్యంలో రాశాను. బీరువాలోని దర్రీకి మాత్రం అర పేజీ ఇచ్చాను.

రాసేటప్పుడు ఆయన వాడిన మాటలే వాడండి. కాగితానికి ఎడమ పక్కన బాగా జాగా వదలండి. పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ కూడా, మధ్యాహ్నం ఆడపిల్లలు అది పేర్చడానికి కూర్చోకముందే చదవండి, ఆ తర్వాత ఎవరికీ తీరిక ఉండదు. నేను "ఎర్ర అంచు దర్రీ" అని చదవగానే చిన్నమ్మ ఆపింది. "ఎరుపు కాదు కొడుకా, దానిమ్మ పువ్వు రంగు. దాని కోసం మీ చిన్నాయన రెండుసార్లు నూలు అద్దించిండు." పెన్ను తీసి, ఎడమ పక్కన జాగాలో ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.