చేతి కింద చెయ్యి

చూపు, వినికిడి రెండూ సరిగా లేని పిల్లకు తరగతిలో తోడుగా కూర్చోబోతున్నారా? ముందు చేతికి ఒక గాజు వేసుకోండి, మళ్లీ మార్చకండి. నాది గాట్లున్న ఇత్తడి గాజు. తిరుపతిలో మా బడికి పాప రాగానే భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఆగి, ఆ గాజు అందిస్తాను. తడిమి చూసుకుని నేనని గుర్తుపడుతుంది. పక్కనుంచి లేచి వెళ్లేటప్పుడూ అంతే, గాజు తాకించి, చెప్పే వెళ్లాలి.

పిల్ల చేతులు మాత్రం పట్టి లాగకండి. మొదటి నెలలో నేను పాప మణికట్టు పట్టుకుని పలక మీద దిద్దించాను. గుప్పిళ్లు బిగించేసింది. వారం రోజులు నాకు చెయ్యే ఇవ్వలేదు. ఆ చేతులతోనే చూడాలి, ఆ చేతులతోనే మాట్లాడాలి, వాటినే నేను కట్టేశాను.

అందుకే మీ చెయ్యి కింద ఉండాలి, పిల్ల చెయ్యి పైన. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చిన రోజు పాప నా వేళ్ల మీద తన వేళ్లు పెడుతుంది. కంచం అంచుకు గుడ్డు కొడితే ఆ అదురు తనకూ అందుతుంది. పెంకు కొంచెం ఒలిచి ఆగుతాను. మనసులో పదిహేను లెక్కపెట్టండి, తొందరపడొద్దు. మూడు నెలలకు ఒకరోజు తన బొటనవేలు నా వేలి మీంచి జారి పెంకు కిందికి దూరింది. నా చెయ్యి మెల్లగా తీసేశాను. మిగతాదంతా తనే ఒలిచింది.

తర్వాత ఏం జరగబోతోందో వస్తువుతో చెప్పాలి. వరుసగా నాలుగు చిన్న బుట్టలు పెట్టుకోండి. చేతులు కడగడానికి సబ్బుముక్క, అన్నానికి చెంచా, ఉయ్యాలకు తాడుముక్క. పని అయ్యాక ఆ వస్తువును పిల్లే మూతడబ్బాలో వేయాలి. ఇంటికి వెళ్లే ఆటోకు గుర్తుగా బొమ్మ ఆటో పెట్టకండి. అది కంటికే ఆటో, చేతికి ఉత్త ప్లాస్టిక్. నాలుగో బుట్టలోకి, పాప రోజూ కూర్చునే ఆటో సీటు రెగ్జిన్‌లో చిన్న ముక్క అడిగి తెచ్చాను.

చాలామందికి ఎంతో కొంత చూపో, వినికిడో మిగిలే ఉంటుంది. కిటికీ వెలుగు ముఖాన కొట్టకుండా కూర్చోబెట్టండి, వినికిడి యంత్రం బ్యాటరీ రోజూ చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ రెండు లోపాలూ కలిసి ఉండడాన్ని బహుళ వైకల్యాల్లో చేర్చింది. సర్టిఫికెట్‌లో రెండూ రాశారో లేదో చూసుకోమని తల్లిదండ్రులకు చెప్పండి.

అన్నానికి ఇంట్లో అమ్మ వేరే గుర్తు వాడుతుంటే, మీరే ఆ గుర్తుకు మారండి.